అగ్రిమెంటులో "వారానికి 24 బోధన గంటలు" అని రాశారు. గంటంటే ఎంత?

1. ఏడో_పీరియడు
వచ్చే విద్యా సంవత్సరానికి యాజమాన్యం ఇచ్చిన అగ్రిమెంటు ముసాయిదా స్టాఫ్ చేతికి వచ్చింది. సంతకాలకు పది రోజుల గడువు. ప్రైవేటు హైస్కూలు, 6 నుంచి 10 దాకా, 12 సెక్షన్లు. గొడవంతా 9వ క్లాజు మీదే. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నా:

"ఉపాధ్యాయుని బోధన భారం సాధారణంగా వారానికి 24 గంటలకు మించదు. అవసరాన్ని బట్టి యాజమాన్యం ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర విధులను కూడా ఉపాధ్యాయుడు నిర్వర్తించవలెను."

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 8 పీరియడ్లు, శనివారం 4. పీరియడు 40 నిమిషాలు. స్టాఫ్‌రూములో సగం మంది 24 అంటే 24 పీరియడ్లనుకుని స్వీట్లు పంచేలా ఉన్నారు. మిగతా సగం మందికి అనుమానం. సంతకం పెట్టొచ్చా? లేదంటే ఏయే మాటలు మార్పించాలి?

2. చాక్‌పీస్_ముక్క
నిజంగా 24 పీరియడ్లే అయితే ఆ బడి ఎక్కడో చెప్పండి, రేపు ప్రార్థన టైముకి గేటు దగ్గరుంటా.

3. టైంటేబుల్_తాత
స్వీట్లు ఆపించండి. 24 గంటలంటే 1440 నిమిషాలు. 40తో భాగిస్తే 36 పీరియడ్లు. మీ వారంలో మొత్తం పీరియడ్లు 44. అంటే లీజర్లు, ఖాళీ పీరియడ్లు, 8. శనివారం ఒకటి తీసేస్తే రోజుకు ఒకటి, ఒకటిన్నర.

ఇది మొదటి గొయ్యి. అసలు గొయ్యి దీని వెనకుంది. క్లాజులో పీరియడెంతసేపో రాయలేదు. రేపు పీరియడు 35 నిమిషాలు చేశారనుకోండి. రోజుకు 320 నిమిషాల బోధన ఉన్న చోట 9 పీరియడ్లు పడతాయి, 5 నిమిషాలు మిగులుతాయి, అవి ప్రార్థనలో కలుస్తాయి. శనివారం 4తో కలిపి వారానికి 49. మీ 1440 నిమిషాల్లో 35 నిమిషాలవి 41 పడతాయి. గంటలు పెరగలేదు, క్లాజు తప్పలేదు, మీకు మాత్రం వారానికి 5 క్లాసులు పెరిగాయి. లీజర్లు అప్పుడూ 8 ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళకి తేడా కనపడదు. కానీ 320 నిమిషాల లీజరు 280 అయింది.

క్లాసులు పెరిగితే సెక్షన్లు పెరుగుతాయి, సెక్షన్లు పెరిగితే నోటుపుస్తకాలు పెరుగుతాయి. అందుకని పరిమితి రెండు రకాలుగా ఉండాలి: ఇన్ని పీరియడ్లు, ఇన్ని గంటలు, రెంటిలో ఏది ముందు నిండితే అది. ఒక్కటే రాస్తే రెండోదాన్ని సాగదీస్తారు.

4. నల్లబల్ల
దీనికింత రాద్ధాంతం దేనికి? విద్యాహక్కు చట్టంలోనే వారానికి 45 గంటలకు మించకూడదని ఉంది కదా. అగ్రిమెంటులో ఏం రాసినా చట్టం ముందు చెల్లదు.

5. నియమావళి
నల్లబల్ల గారూ, ఆ వాక్యాన్ని చాలామంది తిరగేసి చదువుతారు. 2009 చట్టం చివర్లో ఉన్న షెడ్యూలులో ఉన్నది వారానికి టీచరు పనిగంటలు "కనీసం" 45, పాఠాల తయారీతో కలిపి. అది నేల, కప్పు కాదు. తరగతి గంటలదీ అంతే: 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు, 6 నుంచి 8కి 220 రోజులు, 1000 గంటలు. ఇవన్నీ పిల్లలకు ఇంతకు తగ్గకూడదని పెట్టిన అంకెలు. టీచరుకు ఇంతకు మించకూడదని చెప్పే అంకె అందులో ఎక్కడా లేదు. పైగా ఆ చట్టం 8వ తరగతి దగ్గర ఆగుతుంది, 9, 10 దాని పరిధిలోకే రావు.

కాలేజీల్లోనూ ఇదే తిరగేసిన చదువు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటల ప్రత్యక్ష బోధన అని ఉంది. పక్కనే మొత్తం పని వారానికి 40 గంటలకు "తగ్గకూడదు" అనీ, ఏడాదికి 30 పనివారాలనీ ఉంది.

కాబట్టి కప్పు కావాలంటే ఎవరికి వారు అగ్రిమెంటులో వేసుకోవాల్సిందే.

6. నల్లబల్ల
ఇన్నేళ్ళూ 45 మ్యాక్సిమం అని మీటింగుల్లో ఊదరగొట్టా. సరే, దిద్దుకున్నా. మరి తయారీతో కలిపి 45 అన్నప్పుడు, తరగతిలో 24 అయితే తయారీకి 21 మిగులుతాయి కదా? అది సరిపోదా?

7. ఎర్రసిరా
లెక్క వేద్దాం. సెక్షనుకు వారానికి 6 పీరియడ్లున్న సబ్జెక్టు తీసుకోండి. 36 పీరియడ్లంటే 6 సెక్షన్లు. సెక్షనుకు 40 మంది అనుకుంటే 240 నోటుపుస్తకాలు. ఒక్కోదానికి 3 నిమిషాలు, అదీ తప్పు కింద గీత గీసి, సరైన రూపం పక్కన రాసి, సంతకం పెట్టడానికే. 720 నిమిషాలు, అంటే 12 గంటలు. వారంలో ఒక్కసారి దిద్దితే ఇది.

ఇక పాఠం తయారీ. ఆరు సెక్షన్లూ మూడు తరగతుల్లోవే అయితే కొత్తగా తయారుచేసుకోవాల్సినవి వారానికి 18 పాఠాలు. పాఠానికి 20 నిమిషాల చొప్పున 6 గంటలు. మొత్తం 24 + 12 + 6 = 42. అదే ఆరు సెక్షన్లు అయిదు తరగతుల మీద చెల్లాచెదురుగా ఇస్తే 30 పాఠాలు, 10 గంటలు. మొత్తం 46. పీరియడ్ల సంఖ్య ఒక్కటి కూడా మారలేదు చూడండి.

ప్రశ్నపత్రాలు, మార్కుల ఎంట్రీ, తల్లిదండ్రుల మీటింగు ఇంకా కలపనే లేదు.

8. స్టాఫ్‌రూం_కిటికీ
3 నిమిషాల్లో నోటుపుస్తకం! మాస్టారు సాంఘికశాస్త్రం వ్యాసరూప ప్రశ్నలు దిద్దినట్టు లేదు.

9. ఎర్రసిరా
అందుకే "సంతకం పెట్టడానికే" అన్నా. మీ సబ్జెక్టుకు 5 వేసుకోండి, 20 గంటలు వస్తుంది. ఇక ఆ కిటికీలోంచి దూకడమే.

10. నియమావళి
ఎర్రసిరా గారు 7లో చెప్పిన తయారీల సంఖ్య గొంతెమ్మ కోరికేం కాదు. 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఉపాధ్యాయుల హోదా మీద చేసిన సిఫార్సులో బోధన గంటలు నిర్ణయించేటప్పుడు ఏమేం చూడాలో ఉంది: రోజుకు, వారానికి ఎంతమంది పిల్లలతో పని, తయారీకి, మూల్యాంకనానికి పట్టే సమయం, రోజుకు ఎన్ని వేర్వేరు పాఠాలు, పాఠ్యేతర పనులు, తల్లిదండ్రులతో మాట్లాడే సమయం. గంటలు సంఘాలతో సంప్రదించి నిర్ణయించాలనీ ఉంది. అది చట్టం కాదు, కోర్టులో చూపించి గెలవలేరు. కానీ ముసాయిదా మీద బేరమాడేటప్పుడు బల్ల మీద పెట్టడానికి మంచి కాగితం.

11. కరస్పాండెంట్_కుర్చీ
ఇవతలి వైపు కూడా కాస్త వినండి. 12 సెక్షన్లు, 44 పీరియడ్లు, మొత్తం 528. టీచరుకు 36 చొప్పున 15 మంది చాలు. మీరడగబోయేది 28 అనుకుందాం, 19 మంది కావాలి. నాలుగు జీతాలు అదనం. ఫీజు పెంచితే తల్లిదండ్రులు ఊరుకోరు. క్లాజులో 28 రాయించుకుని, ఆ నాలుగు జీతాలూ మీ జీతాల్లోంచి కోస్తే అప్పుడేమంటారు?

12. టైంటేబుల్_తాత
కుర్చీ గారూ, టైంటేబుల్ వేసేవాడెవడూ మొత్తాన్ని మొత్తంతో భాగించడు. హిందీ టీచరు మిగులు పీరియడ్లు తీసుకెళ్ళి లెక్కల్లో పెట్టలేరు కదా. సబ్జెక్టు వారీగా వేయాలి. సెక్షనుకు మామూలుగా పడే పీరియడ్లతో వేస్తున్నా:

తెలుగు 6, పన్నెండు సెక్షన్లకు 72. పరిమితి 36 అయితే ఇద్దరు, 28 అయితే ముగ్గురు.
హిందీ 4, మొత్తం 48. 36కీ ఇద్దరే, 28కీ ఇద్దరే.
ఇంగ్లీషు 7, మొత్తం 84. ఎలా వేసినా ముగ్గురు.
లెక్కలు 7, మొత్తం 84. ఎలా వేసినా ముగ్గురు.
భౌతికశాస్త్రం 4, జీవశాస్త్రం 4. చెరి ఇద్దరు, ఎలా వేసినా.
సాంఘికం 6, మొత్తం 72. 36కి ఇద్దరు, 28కి ముగ్గురు.

36 పరిమితితో 16 మంది, 28తో 18 మంది. తేడా ఇద్దరు, నలుగురు కాదు. అదీ తెలుగు, సాంఘికం దగ్గరే. మిగిలిన 6 పీరియడ్లు ఆటలు, కంప్యూటరు, లైబ్రరీ వగైరా. వాటికి వేరే మనుషులు ఎలాగూ ఉంటారు.

ఇంకోటి. 30 అడిగినా ఇవే 18 మంది వస్తారు, వేసి చూసుకోండి. కాబట్టి 28 దగ్గర యాజమాన్యం మొండికేస్తే 30కి దిగినా వాళ్ళకి ఒక్క జీతం కూడా మిగలదు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, మీకు తెలియాలి.

13. కరస్పాండెంట్_కుర్చీ
తెలియదని ఎవరన్నారు. ఇప్పుడు తెలిసింది. 🙂 సరే, ఇద్దరే అనుకుందాం. సెలవుల సంగతేంటి? ఇద్దరు టీచర్లు రాకపోతే పది క్లాసులు గాలికి. 28 దాటకూడదని అందరూ చేతులు కట్టుకుంటే పిల్లల్ని ఎవరు చూస్తారు?

14. టైంటేబుల్_తాత
దానికీ ఆ లెక్కలోనే జవాబుంది. 18 మంది × 28 = 504. సబ్జెక్టు పీరియడ్లు 456. మిగులు 48. రాని టీచరుకు రోజుకు 5 క్లాసులనుకున్నా, వారంలో తొమ్మిది గైర్హాజరీ రోజులకు సరిపోతుంది. అదే 16 మంది × 36 అయితే కాగితం మీద మిగులు 120 కనిపిస్తుంది గానీ అదంతా హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు వాళ్ళ దగ్గరుంటుంది. తెలుగు, సాంఘికం వాళ్ళ దగ్గర సున్నా. ప్రతి అడ్జస్ట్‌మెంటూ, అంటే రానివాళ్ళ క్లాసు ఇంకొకరు తీసుకోవడం, ఆ పన్నెండు మంది నెత్తినే పడుతుంది.

15. లీజర్_లేదు
అడ్జస్ట్‌మెంట్ మాటొచ్చింది కాబట్టి. 9వ క్లాజులో దాని ఊసే లేదు, అంటే లెక్కలోకి రాదని చదువుకోండి. పొద్దున్నే అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు వస్తుంది, పేరుకెదురుగా 3వ పీరియడు 8-బి అని ఉంటుంది, సంతకం పెట్టి వెళ్ళాలి. ఆ పీరియడు టైంటేబుల్లో మీ పేరు మీద లేదు. కాబట్టి వారాంతంలో లెక్క తీస్తే మీరింకా 36లోనే ఉంటారు, చేసింది 40.

మూడు దారులున్నాయి. ఒకటి, అడ్జస్ట్‌మెంట్ కూడా పరిమితిలోనే, అందుకని టైంటేబుల్లో 26 మాత్రమే ఇచ్చి రెండు ఖాళీ ఉంచడం. రెండు, పరిమితి బయట, కానీ పీరియడుకింత అని డబ్బు. మూడు, ఏమీ రాయకపోవడం. యాజమాన్యాలకు మూడోదంటే ప్రాణం.

16. ప్రయోగం_3
మొదటిదే మేలు. డబ్బు అని రాశాక ఆ డబ్బు ఎప్పుడిస్తారో, ఏ రేటో అని మళ్ళీ పంచాయితీ.

17. లీజర్_లేదు
రేటు రాయకపోతేనే పంచాయితీ. సూత్రం రాస్తే సరి. నెల జీతాన్ని (28 × 4.33)తో భాగిస్తే పీరియడు రేటు, అంటే జీతంలో 121వ వంతు. యాజమాన్యం 28 బదులు 45 పెట్టమంటుంది, అప్పుడు 195వ వంతు అవుతుంది. వాళ్ళ వాదన: జీతం మొత్తం పనిగంటలకు, తరగతికి మాత్రమే కాదు. మన వాదన: ఒక పీరియడు చెప్పాలంటే దాని వెనక తయారీ, దిద్దుబాటు ఉంటాయి, 121లో అవి కలిసే ఉన్నాయి. నా దృష్టిలో న్యాయమైన మధ్యేమార్గం: ఊరికే కూర్చుని చూసుకునే అడ్జస్ట్‌మెంట్‌కు 195వ వంతు, ఆ తరగతికి పాఠం చెప్పించుకుంటే 121వ వంతు.

18. చాక్‌పీస్_ముక్క
"ఊరికే కూర్చుని చూసుకునే" 8-బి ఎక్కడుందో అదీ చెప్పండి. ఇందాకటి బడి పక్కనేనా?

19. నియమావళి
రేటు సూత్రం ముందే రాసుకోవడం ఎందుకు ముఖ్యమో చట్టం వైపునుంచి చెప్తా. టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద "వర్క్‌మన్" కారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. అందుకని కార్మికులకున్న లేబర్ కోర్టు దారి మనకు తెరుచుకోలేదు. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉండిన 48 గంటల వారం బడికి ఎప్పుడూ వర్తించలేదు. ఇక మిగిలింది ఒప్పందం. వ్యక్తిగత సేవ ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయమని కోర్టులు మామూలుగా ఆదేశించవు, అంటే "ఈ టీచరు టైంటేబుల్ 28కి తగ్గించండి" అని జడ్జిగారు రాయరు. నష్టపరిహారం ఇప్పిస్తారు, 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కింద. అప్పుడు నష్టం ఎంతో మీరు రుజువు చేయాలి. వారానికి నాలుగు పీరియడ్లు ఎక్కువ చెప్పినందుకు నష్టమెంత? గొంతు పోయిందంటారా? రేటు సూత్రం అగ్రిమెంటులో ఉంటే, మిగిలింది గుణకారమే.

20. ఏడో_పీరియడు
చాలా పనికొచ్చాయి. రెండు ప్రశ్నలు. "సాధారణంగా" అన్న మాట తీయించాలా? రెండు, ఉదయం జీరో పీరియడు, సాయంత్రం స్టడీ అవరు ఉన్నాయి. అవి "బోధన" కాదు, "పర్యవేక్షణ" అంటున్నారు.

21. లీజర్_లేదు
"సాధారణంగా" తీయించకపోతే మిగతా ఏమి మార్పించినా దండగ. వారానికి 38 ఇచ్చి "ఇది అసాధారణ పరిస్థితి" అంటారు, ఏడాదంతా అసాధారణ పరిస్థితే. "భారం" కూడా తీయించండి, దానికి కొలత లేదు.

22. టైంటేబుల్_తాత
స్టడీ అవరుకు ఒక పరీక్ష ఉంది. నేను ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోతే పిల్లలకు ఏదైనా అయినప్పుడు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నా మెడకే అయితే అది నా తరగతి సమయమే, పేరు ఏదైనా. జీరో పీరియడు, స్టడీ అవరు, ల్యాబు, ఆన్‌లైన్లో ప్రత్యక్షంగా తీసుకునే డౌట్ క్లాసు అన్నీ ఈ పరీక్షలో వస్తాయి. మీటింగు, మార్కుల ఎంట్రీ రావు.

రోజూ 40 నిమిషాల జీరో పీరియడు, గంట స్టడీ అవరు, ఇద్దరు మనుషులు వంతులేసుకున్నారనుకోండి. వారానికి అయిదు రోజులకు 500 నిమిషాలు, మీ వాటా 250. పన్నెండున్నర పీరియడ్లలో సగం, ఆరు పీరియడ్లకు పైనే. 28 అని రాయించుకుని ఇది వదిలేస్తే మీది 34.

23. ప్రయోగం_3
ల్యాబును మామూలు పీరియడుతో సమానం చేయడానికి నేనొప్పుకోను. రెండు పీరియడ్ల ల్యాబుకు ముందు సామాను సర్దడానికి ఒక పీరియడు, తర్వాత కడిగించి ఆమ్లాలు తాళం వేయడానికి అర పీరియడు పోతుంది. అటెండరు లేకపోతే ఇంకా ఎక్కువ. ల్యాబును 1.25గా లెక్కేయాలి. గుణకం పెట్టడం వింతేమీ కాదు, ఫ్రాన్సులో లిసే (అక్కడి హైస్కూలు) పై తరగతుల గంటను 1.1గా లెక్కగడతారు.

24. స్టాఫ్‌రూం_కిటికీ
అలా మొదలుపెడితే భాషా పండితులు వ్యాసాలకు 1.3 అంటారు, పీఈటీ సారు ఎండకు 1.5 అంటారు. క్లాజు పంచాంగం అవుతుంది.

25. ప్రయోగం_3
ఎండకు 1.5 ఇచ్చినా నాకభ్యంతరం లేదు. సరే, గుణకం వద్దు. "ల్యాబుకు ముందు పీరియడు లీజరుగా ఉంచాలి" అని ఒక్క వాక్యం చాలు. అది టైంటేబుల్లో ముందే వేయొచ్చు, ఖర్చు లేదు.

26. టైంటేబుల్_తాత
అది సబబు. వేసేటప్పుడు ల్యాబులే ముందు పెట్టాలి, తర్వాత పార్ట్‌టైం వాళ్ళని, చివర మిగతా వాళ్ళని. ల్యాబు చివర పెడితే ముందు లీజరు దొరకదు.

27. నల్లబల్ల
వేరే దేశాల్లో అసలెంత? ఊరికే తెలుసుకుందామని.

28. నియమావళి
అంకె కన్నా దాన్ని ఎలా కట్టారో చూడండి. స్కాట్లండులో 2001 ఒప్పందంతో టీచరు వారం 35 గంటలు. తరగతి గరిష్ఠం 22.5 గంటలు. తయారీకి, దిద్దుబాటుకు తరగతి సమయంలో మూడోవంతుకు తగ్గకుండా, అంటే 7.5. మిగిలిన 5 గంటలు మీటింగులు, ఉమ్మడి పనులు. 22.5 + 7.5 + 5, చుక్క తేడా లేకుండా 35. ప్రతి గంటకూ ఒక ఇల్లుంది, ఎవరి గంట ఎవరింట్లోకి వెళ్ళిందో వెంటనే తెలిసిపోతుంది.

ఇంగ్లండులో వారానికి కాక ఏడాదికి లెక్క: 195 రోజుల్లో యాజమాన్యం పురమాయించే పని 1265 గంటలు. తయారీకి బోధన సమయంలో కనీసం 10 శాతం, అదీ అరగంటకు తక్కువ కాని ముక్కలుగా. ఆ అరగంట షరతు మనకు బాగా పనికొస్తుంది, లేకపోతే ఇంటర్వెల్లు, పది నిమిషాల ఖాళీలు అన్నీ కూడబెట్టి "ఇవిగో మీ లీజర్లు" అంటారు.

న్యూయార్క్ నగర హైస్కూళ్ళ ఒప్పందంలో వారానికి 25 బోధన పీరియడ్లు, వరుసగా మూడుకు మించి క్లాసులు ఇవ్వకూడదని పరిమితి. ఫ్రాన్సులో సర్టిఫియే హోదా టీచరుకు 18 గంటలు, అంతకన్నా పై హోదా అయిన అగ్రెజేకు 15.

29. కరస్పాండెంట్_కుర్చీ
35 గంటల దేశాల కథలు చెప్పి 45 గంటల దేశంలో క్లాజు రాయిస్తారా. కానీ వరుసగా మూడు అన్నది ఒప్పుకోదగ్గదే. వరుసగా అయిదో పీరియడు చెప్పే మనిషి బోర్డు మీద ఏం రాస్తున్నాడో వాడికే తెలియదు. సగటు అని పెట్టుకుంటే మాత్రం మాకూ కొంత వెసులుబాటు ఉంటుంది: టర్ము మొత్తం మీద సగటున వారానికి 28. ఒక వారం 32, ఇంకో వారం 24. దీనికేం ఇబ్బంది?

30. ఎర్రసిరా
సగటు దగ్గరే మోసపోతారు, ఆగండి. 16 వారాల టర్ము. 28 × 16 = 448. అందులో రెండు వారాలు పరీక్షలు, క్లాసులు సున్నా. ఆ 448నీ మిగిలిన 14 వారాల్లో సర్దితే వారానికి 32. సగటు 28 తప్పలేదు, ఒక్క వారం కూడా 28 లేదు. పోనీ పరీక్షల వారాల్లో ఖాళీగా ఉంటారా? ఇన్‌విజిలేషన్, ఆపైన పేపర్ల కట్టలు.

సగటు ఒప్పుకోవాలంటే మూడు గొళ్ళేలు పెట్టండి. సగటు తీసేది రెండు వారాల మీదే. ఏ ఒక్క వారమూ 30 దాటకూడదు. పరీక్షలు, సెలవుల వారాలు లెక్కలోంచి తీసేయాలి.

31. లీజర్_లేదు
సెలవుల వారానికి పరిమితి కూడా దామాషాలో తగ్గాలని రాయండి. ఆరు రోజుల వారంలో రెండు సెలవులొస్తే 28 × 4 ÷ 6, దాదాపు 19.

32. టైంటేబుల్_తాత
రోజుల్లో కాదు, పీరియడ్లలో. శనివారం నాలుగే కదా. శుక్ర, శనివారాలు సెలవైతే పోయినవి 12, మిగిలినవి 32. 28 × 32 ÷ 44 = దాదాపు 20. సోమ, మంగళవారాలు సెలవైతే పోయినవి 16, మిగిలినవి 28. 28 × 28 ÷ 44 = దాదాపు 18. మీ 19 రెండుసార్లూ తప్పే.

33. లీజర్_లేదు
ఒప్పుకున్నా. తాతతో లెక్కల పందెం వేయకూడదు.

34. స్టాఫ్‌రూం_కిటికీ
అన్నీ రాయించుకున్నారు. 29వ పీరియడు వేశారు. అప్పుడేం చేయాలి? వెళ్ళను అంటే క్రమశిక్షణారాహిత్యం, వెళ్తే ఒప్పుకున్నట్టు.

35. నియమావళి
వెళ్ళాలి, కాగితం పెట్టాలి. వరుస ఇది. టర్ము మొదట్లో ప్రిన్సిపాల్ సంతకంతో మీ వ్యక్తిగత టైంటేబుల్ కాపీ తీసుకోండి. అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరులో సంతకం పెట్టిన ప్రతిసారీ తేదీ, పీరియడు, సెక్షను మీ డైరీలోనూ ఎక్కించండి, ఎందుకంటే రిజిస్టరు వాళ్ళ బీరువాలో ఉంటుంది. పరిమితి దాటిన వారం తర్వాత ఏడు రోజుల్లోపు ఒక పేరా ఉత్తరం: ఫలానా వారం ఇన్ని, పరిమితి ఇన్ని, తేడా ఇన్ని. కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ. పది పనిదినాల్లో టైంటేబుల్ సరిచేయాలి లేదా నెలలోపు అన్ని పీరియడ్ల లీజరైనా, డబ్బైనా ఇవ్వాలి అని క్లాజులోనే ఉండాలి.

"ఒకసారి అదనపు పీరియడు తీసుకున్నంత మాత్రాన ఈ పరిమితిని వదులుకున్నట్టు కాదు" అన్న వాక్యం తప్పనిసరి. కిటికీ గారి ప్రశ్నకు జవాబు ఆ వాక్యమే.

ఇక "ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర విధులు". అది తీయరు, తీయమని అడిగి టైము వృథా చేసుకోవద్దు. దాని ముందు "పై పరిమితికి లోబడి" అని మూడు మాటలు చేర్పించండి. ఆ మూడు మాటలు లేకపోతే, పైవాక్యం ఎంత బాగా రాసినా కిందివాక్యం దాన్ని మింగేస్తుంది.

36. ఏడో_పీరియడు
అందరూ చెప్పింది కలిపి రాశా. చూసి తప్పులు పట్టండి:

"విద్యార్థులు ఉపాధ్యాయుని బాధ్యతలో ఉన్న ప్రతి పీరియడూ బోధన సమయమే. అడ్జస్ట్‌మెంట్, జీరో పీరియడు, స్టడీ అవరు, ల్యాబు, ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి ఇందులో చేరతాయి. పీరియడు అంటే 40 నిమిషాలు. అంతకు మించిన సమయం తర్వాతి పీరియడుగా లెక్కకు వస్తుంది. బోధన సమయం ఏ వారంలోనూ 28 పీరియడ్లను గానీ 18 గంటల 40 నిమిషాలను గానీ, ఏది ముందు నిండితే దాన్ని, మించరాదు. వరుసగా మూడుకు మించి పీరియడ్లు ఇవ్వరాదు. మూడు తరగతులకు మించి పాఠాల తయారీ ఇవ్వరాదు. ల్యాబుకు ముందు పీరియడు లీజరుగా ఉండాలి. లీజరు పూర్తి పీరియడుగా ఉండాలి. సెలవులున్న వారంలో పరిమితి, మిగిలిన పీరియడ్ల దామాషాలో తగ్గుతుంది. పరిమితి దాటిన ప్రతి పీరియడుకూ 30 రోజుల్లోపు బదులు లీజరు గానీ, నెల జీతంలో 121వ వంతు గానీ ఇవ్వాలి. అదనపు పీరియడు తీసుకున్నంత మాత్రాన ఉపాధ్యాయుడు ఈ పరిమితిని వదులుకున్నట్టు కాదు. పై పరిమితికి లోబడి, యాజమాన్యం అప్పగించే ఇతర విధులను ఉపాధ్యాయుడు నిర్వర్తించవలెను."

37. ఎర్రసిరా
"గానీ" దగ్గర యాజమాన్యం ఎంపికా, టీచరు ఎంపికా? రాయకపోతే వాళ్ళదే. "ఉపాధ్యాయుని ఎంపిక మేరకు" చేర్చండి.

38. కరస్పాండెంట్_కుర్చీ
121వ వంతు అన్నిటికీ ఇవ్వరు. 17లో చెప్పినట్టు పర్యవేక్షణకు వేరు, బోధనకు వేరు పెట్టండి, అప్పుడు సంతకం అవుతుంది. మూడు తరగతుల నియమం కూడా హిందీ, సైన్సు దగ్గర పగులుతుంది. ఇద్దరే టీచర్లు, అయిదు తరగతులు. ఒకరికి మూడు, ఒకరికి రెండు అయితే సరే, కానీ సెక్షన్లు అన్నిసార్లూ సమానంగా పడవు. "వీలైనంతవరకు" అని పెట్టమనను, అది మీరు పెట్టనివ్వరు. "తయారీ నాలుగైతే పరిమితి 26" అని పెట్టండి.

39. టైంటేబుల్_తాత
మొదటిసారి కుర్చీ గారి మాట నచ్చింది. హిందీ ఇద్దరికీ తలా 24 పీరియడ్లే పడతాయి, 26 పరిమితి వాళ్ళని ఏమీ చేయదు. పెట్టేయండి.

ఒక్కటి మిగిలింది. "ఏ వారంలోనూ" అన్నారు. వారం ఏ రోజు మొదలవుతుంది? ఆదివారం పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెడితే అవి ముందు వారానివా, తర్వాతి వారానివా?

40. ఏడో_పీరియడు
అమ్మో. "సోమవారం నుంచి ఆదివారం వరకు" అని చేర్చా. ఎంపిక, రెండు రేట్లు, 26 కూడా ఎక్కించా. రేపు నాలుగో పీరియడు లీజర్లో ప్రింటు తీస్తా.

41. చాక్‌పీస్_ముక్క
అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు చూసుకుని వెళ్ళండి.